సోమవారం గ్రీవెన్స్‌లో మెరక మట్టి మీద అర్జీ: 5కి రెండున్నర మార్కులు

కోనసీమలో ఇల్లు కట్టాలంటే ముందు మట్టి తోలి చేను మెరక (ఎత్తు) చేయాల్సిందే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ మా పక్క చేలో అనుమతి కాగితం ఒక్కటీ లేకుండా రాత్రిళ్లు టిప్పర్లతో గ్రావెల్ తోలి పంట బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలువ) సగం పూడ్చేశారు. వాన పడితే ఆ ఎర్రమట్టంతా మురుగు కాలువలోకి, ఎండ కాస్తే దుమ్మంతా మా ఇళ్లలోకి.

అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాను. అర్జీ తీసుకునేవరకు సర్వీసు బాగానే ఉంది, రసీదు అక్కడికక్కడే ఇచ్చారు, ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. అసలు టెన్షన్ ఆ తర్వాత. పంచాయతీ వాళ్లు రెవెన్యూని అడగమంటారు, రెవెన్యూ వాళ్లు ఇరిగేషన్ అంటారు, ఈలోగా ఎవరో వచ్చి గట్టు మీద నిలబడి ఫొటో తీసుకుని 'పరిష్కరించబడినది' అని మూసేశారు! మళ్లీ తెరిపించి సర్వే నంబరు, టిప్పర్ల ఫొటోలు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం పేరు అన్నీ పెడితేగానీ కదల్లేదు. చివరికి ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు వచ్చి దగ్గరుండి బోదె తవ్వించారు (ఆ అర మార్కు ఆయనకే). తోలిన మట్టి మాత్రం అక్కడే ఉంది, జరిమానా వేశారో లేదో అడిగినా చెప్పరు.

కాలువలకు నీళ్లు ఆపేసే వేసవిలోనే ఈ తోలకాలు ఎక్కువ, కాబట్టి సార్వా (ఖరీఫ్) పంటకి నీళ్లు వదలకముందే అర్జీ పెట్టేయండి.