గిట్‌హబ్ పేజెస్‌లో నా క్లాసు ప్రాజెక్టులు: మూడేళ్ల వాడకం తర్వాత

మాది హిందూపురం. బెంగళూరులో డిజైన్ డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, చేసిన పనంతా ఒక వెబ్‌సైట్‌లో పెట్టమన్నారు, మార్కులు కూడా ఉన్నాయి. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో ఒక్క సాయంత్రంలో ఏదో కట్టేశాను. బాగానే ఉండేది. ఈలోగా మా పీజీ హాస్టల్‌లో సీనియర్ అక్కకి కోర్సు అయిపోగానే ఐడీ మూసేశారు, దాంతోపాటే ఆమె సైటూ పోయింది. అది చూసి హడలిపోయి, సొంత మెయిల్‌తో గిట్‌హబ్ పేజెస్‌కి మారాను. మన ఫైళ్లు ఎక్కిస్తే వాటినే వెబ్‌సైట్‌గా చూపించే సేవ అది.

ఖర్చు రూపాయి లేదు, రిపాజిటరీ (సైట్ ఫైళ్లన్నీ, వాటి పాత వెర్షన్లతో సహా ఉండే ఫోల్డరు) పబ్లిక్‌గా ఉంచితే చాలు. సైట్ 1 జీబీ దాటకూడదు, ట్రాఫిక్ నెలకు 100 జీబీ దాకా. అంతమంది చూసేవాళ్లుంటే నేను ఉద్యోగం వెతుక్కునేదాన్నే కాదు!

నన్ను ఏడిపించింది ఫొటోలు. మేడ మీద ఎండలో తీసిన ప్రాజెక్టు మోడల్ ఫొటోలు ఒక్కోటి 8 ఎంబీ. అన్నీ 300 కేబీకి కుదించి ఎక్కించాను. నా లాప్‌టాప్‌లో చక్కగా కనిపించాయి. సంబరంగా నాన్నకి లింక్ పంపితే, "అమ్మాయ్, నీ బొమ్మలేవీ రాలేదే, ఏదో చిరిగిన కాగితం గుర్తు మాత్రం కనిపిస్తోంది" అన్నారు. రెండు రాత్రులు కొట్టుకున్నాక తెలిసింది. కెమెరా ఫైల్ పేరు చివర 'జేపీజీ'ని పెద్దక్షరాల్లో పెట్టింది, నేను పేజీలో చిన్నక్షరాల్లో రాశాను. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, గిట్‌హబ్‌లో మాత్రం అవి రెండూ వేర్వేరు ఫైళ్లు. నలభై మూడు ఫైళ్లకు కూర్చుని పేర్లు మార్చాను.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. ఫోన్ నంబరున్న సర్టిఫికెట్ పెట్టి, మర్నాడు తీసేశాను. పేజీలోంచి పోయింది కానీ పాత వెర్షన్ల చరిత్రలో ఎవరైనా చూడగలిగేలా అలాగే ఉండిపోయింది. చివరికి రిపాజిటరీ మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాను.

మొదట్లో పంతొమ్మిది ప్రాజెక్టులు కుక్కాను. ఇప్పుడున్నవి ఆరు. కోరమంగళలో ఇంటర్వ్యూకి వెళ్తే, ఇంటర్వ్యూ చేసినాయన నా అందమైన పోస్టర్లన్నీ సర్రున దాటేసి బస్టాండ్ బోర్డుల ప్రాజెక్టు దగ్గర ఆగారు. కె.ఆర్. మార్కెట్‌లో ఎవరూ చదవలేకపోయిన మా మొదటి నమూనా ఫొటో అది. తీసేద్దామా అని పదిసార్లు అనుకున్నదే. "ఎందుకు పని చేయలేదు?" అని అడిగారు, ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ప్రతి ప్రాజెక్టు కింద ఏది ఎక్కడ తప్పిందో, గ్రూపులో నా వాటా ఎంతో రెండు ముక్కలు రాస్తున్నాను.

హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే కోడ్) అంటే బొత్తిగా గిట్టనివాళ్లకి ఇది చెప్పను, నెల తిరక్కుండా వదిలేస్తారు. మార్చింది కనిపించడానికి ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది, రేపు సబ్మిషన్ అనగా ఆ పది నిమిషాలూ టెన్షనే. తెలుగు పేజీకి మండలి ఫాంటు పెట్టాను, ఫోన్లో కూడా ఒత్తులు చక్కగా వస్తున్నాయి. సొంత డొమైన్, అంటే మన పేరుతో వెబ్ చిరునామా, తగిలించుకోవచ్చు గానీ ఇంకా కొనలేదు. ఏటేటా డబ్బు కట్టడం మర్చిపోతానేమోనని భయం.