థాలర్ వెండి పుట్టిన ఊళ్లలో నాలుగు రోజులు

థాలర్లంటే, అంటే పాత జర్మన్ రాజ్యాల పెద్ద వెండి నాణేలంటే ఇష్టమున్నవాళ్లకు నా సలహా ఒకటే: మ్యూజియం ఒక్కటీ చూసి వచ్చేయకండి, వెండి తవ్విన ఊళ్లకు కూడా వెళ్లండి. నేను నాలుగు రోజులూ తూర్పు జర్మనీలోని సాక్సనీలోనే తిరిగాను.

మొదట డ్రెస్డెన్ రాజభవనంలోని నాణేల మ్యూజియం. మంగళవారం సెలవు, గుర్తుంచుకోండి. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది 1857 తర్వాతి థాలర్ల దగ్గరే. ఆ ఏడాది జర్మన్ రాజ్యాలు, ఆస్ట్రియా చేసుకున్న వియన్నా ఒప్పందంతో 500 గ్రాముల మేలిమి వెండికి 30 థాలర్లు అని లెక్క కుదిరింది. ఏ రాజు బొమ్మ ఉన్నా లోపలి వెండి మాత్రం ఒకటే. ఆ లెక్కను నాణెం మీదే అచ్చువేశారు.

డ్రెస్డెన్‌లో గదుల అద్దెలు ఎక్కువనిపించి ఫ్రైబెర్గ్‌కు మారాను. రైల్లో ముప్పావు గంట ప్రయాణం. ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జి దొరికింది. గది ఇరుకే కానీ శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్ కడుపునిండా పెట్టారు. ఈ ఊళ్లో 1168లో వెండి బయటపడింది. రైషె త్సెషె గనిలో హెల్మెట్ పెట్టి 150 మీటర్ల లోతుకు దింపుతారు. స్వెట్టర్ తప్పనిసరి. గైడ్ జర్మన్‌లోనే చెబుతారు, ఇంగ్లిష్ కావాలంటే ముందే అడగాలి. ఆ చీకట్లో తడి రాయిని తాకాక, సాక్సనీ థాలర్ల మీద ‘గనుల దీవెన’ అని ఎందుకు రాశారో అర్థమైంది.

మరో వెండి గనుల ఊరు అన్నాబెర్గ్ దూరమే, అయినా వదలకండి. సెయింట్ ఆన్ చర్చిలో ఒక బలిపీఠం వెనుక వైపు హాన్స్ హెస్సె 1521లో వేసిన బొమ్మలున్నాయి. గని తవ్వడం, ఖనిజం కడగడం, కరిగించడం, నాణెం కొట్టడం అన్నీ వాటిలో కనిపిస్తాయి. చాలామంది ముందువైపు చూసి వెళ్లిపోతున్నారు, అయ్యో అనిపించింది.

ఒక్క చేదు అనుభవం. పాత వస్తువుల సంతలో ఒకాయన అసలుదేనని నమ్మబలికి ఒక థాలర్ అమ్మాడు. గదికొచ్చి తూస్తే 15 గ్రాములే ఉంది. 1857 తర్వాతి థాలరైతే, వెండిలో కలిపిన రాగితో సహా పద్దెనిమిదిన్నర గ్రాములు తూగాలి. అంచు మీద అక్షరాలూ లేవు. కొనేముందు తూకం, అంచు రెండూ చూడండి.

చివరి రోజు ఒక నాణేల దుకాణంలో అసలైనది కొన్నాను. షాపు పెద్దావిడ భూతద్దం ఇచ్చి, తొందరపెట్టకుండా అంచు చుట్టూ తిప్పి చూడనిచ్చారు. సాక్సనీ రాజు యోహాన్ బొమ్మ కాస్త అరిగింది కానీ, అంచు మీద ‘దేవుడు సాక్సనీని దీవించుగాక’ అన్న జర్మన్ మాటలు ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి.