ఫైబర్ పుట్టి: వేటకు భేష్, సంసారం మోయడానికి కాదు

సోమశిల దగ్గర కృష్ణలో వల వేసుకుని బతికే ఇల్లు మాది. నాయన కాలమంతా వెదురు పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవే నడిచింది. బద్దలతో అల్లి, కింద పట్టా కట్టి, తారు పూసేవాళ్లు. ఏటేటా తారు పని, ఆ తర్వాత కుళ్లిన బద్దలు మార్చే పని. ఆ చాకిరీ పడలేక నేను ఫైబర్ పుట్టికి మారాను. కొన్నేళ్లుగా రోజూ నీళ్లలోనే ఉంది కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

మంచి ముందు చెప్తా. తేలిక. వేట అయ్యాక నేనొక్కణ్నే తలమీద బోర్లించుకుని గట్టెక్కిస్తాను. వల దారాలు బద్దల్లో చిక్కుకునే గొడవ లేదు. చేపల జిగురు నాలుగు చెంబుల నీళ్లు పోస్తే పోతుంది. తెల్లవారుజామున వెళ్లి వల తీసుకుని వచ్చేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అసలు సంగతి దూరం పోయినప్పుడు తెలిసింది. చేపలు బాగా పడే కాలంలో మాలాంటి వాళ్లం శ్రీశైలం వెనక జలాల్లోకి దిగి, ఒడ్డున గుడిసె వేసుకుని ఉంటాం. ఓసారి సంక్రాంతికి ముందర ఇల్లంతా కదిలాం. ఫైబర్ పుట్టిలో నేను, మా ఇంటామె, పిల్లలిద్దరు, బియ్యం బస్తా, వంట సామాను. వెనక వెదురు పుట్టిలో నాయన, వలలు. "గాలి లేవకముందే అమరగిరి దాటాలె, జల్ది కానియ్" అని నాయన పొద్దున్నుంచి ఒకటే పోరు.

పుట్టికి ముందూ వెనకా ఉండవు. ముందువైపు మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డుతో నీళ్లను మనవైపు లాగుతూ పోవాలి. లాగడం ఆపితే గిర్రున తిరుగుతుంది. వెదురు పుట్టి నానినకొద్దీ బరువెక్కి నీళ్లలో కుదురుగా కూర్చుంటుంది. ఫైబర్‌ది పైకి తేలి ఉంటుంది, అంచుకు గాలి తగిలితే చాలు పక్కకు జారిపోతుంది. మధ్యాహ్నం ఎదురుగాలి లేచింది. పది తెడ్లు వేస్తే ఎనిమిది తెడ్ల దూరం వెనక్కి. నాయన మాత్రం నింపాదిగా ముందుకెళ్లిపోయాడు. చిన్నోడికి తల తిరిగి వాంతులు. కింద ఎండకు కాలిన ఫైబర్ మీద కాలు పెట్టలేక పిల్లలు బస్తా ఎక్కి కూర్చున్నారు, దాంతో పుట్టి ఒక పక్కకు ఒరిగింది.

ఇంకో గండం మోడులు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టాక మునిగిన చెట్లు అవి. నిండుమట్టం 885 అడుగుల నుంచి నీళ్లు దిగేటప్పుడు కొన్ని పైకి కనపడకుండా జానెడు లోతులో ఉంటాయి. అలాంటి మోడు ఒకటి తగిలింది. వెదురైతే వంగి తప్పుకునేది. ఇది టప్‌మని పగిలింది. అరచేతి పొడవు చీలిక, అందులోంచి సన్నగా నీళ్లు. మా ఇంటామె చీర కొంగు చింపి కుక్కి మడమతో అదిమి పట్టింది, పెద్దది గిన్నెతో నీళ్లు తోడింది. చీకటి పడ్డాక గానీ ఒడ్డు దొరకలేదు. బియ్యం తడిసి ముద్దయ్యాయి.

రిపేరు మరో తలనొప్పి. తారైతే ఒడ్డున మంట పెట్టి పూసుకోవచ్చు. దీనికి రెజిన్ అనే జిగురు, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్, పైన అతికే ఫైబర్ మ్యాట్ (గాజునార పట్టా) కావాలి, పగులు ఎండి పొడిగా ఉండాలి. కొల్లాపూర్ దాకా పోయి తెచ్చుకున్నాం. అతికిన చోట గట్టిగానే ఉంది. ఎండకు పై పూత తెల్లబారి నూగు లేస్తోంది, మోకాళ్లకు గుచ్చుకుని ఒకటే దురద. గోనెపట్టా పరుచుకోక తప్పదు.

కొనేవాళ్లకు చెప్పేది ఇదీ. పలచటిది చవకగా ఇస్తామంటే తీసుకోకండి, అడుగు మందంగా ఉందో లేదో వేలితో కొట్టి చూడండి. ఇద్దరికి మించి ఎక్కించకండి. లైఫ్ జాకెట్లు పుట్టితోపాటే కొనండి. 2007లో ఇదే కృష్ణలో మంచాలకట్ట దగ్గర పెద్ద పడవే మునిగింది, అరవై మంది దాకా పోయారు, పుట్టి ఎంత? ఇప్పుడు ఇల్లు కదిలేటప్పుడు ఇంజను పడవ కిరాయికి మాట్లాడుకుని, పుట్టిని ఖాళీగా దాని వెనక తాడుతో కట్టుకుని పోతున్నాం. వేటకైతే మళ్లీ ఫైబర్‌దే కొంటాను. నాయన మాత్రం ఇంకా వెదురు బద్దలే చీరుతున్నాడు.