లెట్రోజోల్‌తో పాటు మూడేళ్లు కాల్షియం బిళ్ళలు: కార్బొనేట్, సిట్రేట్ రెండూ వాడాక

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాక లెట్రోజోల్ మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఐదేళ్లు వేసుకోవాలన్నారు. ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గించేయడమే ఆ మందు పని. ఎముకలను కాపాడేది ఆ ఈస్ట్రోజెనే కాబట్టి అవి గుల్లబారతాయి. మందుకు ముందు తీసిన డెక్సా స్కాన్‌లో (ఎముకల గట్టిదనాన్ని కొలిచేది) నా వెన్నెముక టీ స్కోరు మైనస్ 1.7. (మైనస్ 1 దాకా మామూలే, మైనస్ 2.5కి చేరితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారిన జబ్బు అంటారు.) కాల్షియం కార్బొనేట్ రోజుకు రెండు రాశారు. విటమిన్ డి తక్కువగా ఉందని 60,000 యూనిట్ల పొడి వారానికొకటి, ఎనిమిది వారాలు.

కార్బొనేట్ చవక, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, ఒక్క బిళ్ళలోనే 500 మిల్లీగ్రాముల అసలు కాల్షియం ఉంటుంది. కానీ అది సుద్ద లాంటిదే. కడుపులో యాసిడ్ ఉంటేనే బాగా కరుగుతుంది, అందుకే అన్నం తిన్న వెంటనే వేసుకోమంటారు. నేనేమో కీమో రోజుల నుంచి గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను. యాసిడ్ తగ్గించే బిళ్ళా, యాసిడ్ కావాల్సిన బిళ్ళా ఏడాది పాటు ఒకే డబ్బాలో ఉన్నా నాకు తట్టలేదు. మలబద్ధకం మాత్రం మొదటి నెలలోనే పట్టుకుంది.

ఏడాది తిరిగేసరికి స్కోరు మైనస్ 2.2. ఆ టెన్షన్‌లో ఎవరినీ అడక్కుండా మూడో బిళ్ళ కలిపాను. డాక్టరు గారికి చెబితే మందలించి, ముందు తిండిలో వచ్చే కాల్షియం లెక్క రాయించారు. రెండు గ్లాసుల పాలు దాదాపు 480, కప్పు పెరుగు 120, ఉదయం జావలో పోసే 30 గ్రాముల రాగిపిండి 100. అంటే 700 మిల్లీగ్రాములు ఇంట్లోనే అందుతున్నాయి. నా వయసుకు రోజుకు 1200 చాలన్నారు. మరో 500 సరిపోయే చోట నేను 1500 మింగుతున్నాను! "ఎక్కువ వేసుకుంటే ఎముకలోకి పోదమ్మా, కిడ్నీలో రాళ్లకు దారి" అన్నారు.

లెట్రోజోల్ వల్ల జరిగే నష్టాన్ని కాల్షియం ఒక్కటే ఆపలేదనీ అప్పుడే తెలిసింది. ఆరు నెలలకోసారి ఎముకలు గుల్లబారకుండా ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. దానికి ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవడం తప్పనిసరి. ఆ మందు పడ్డాక పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. నాకు పుచ్చిన దంతం ఒకటి తీయించి, పుండు మానాకే ఎక్కించారు. మొదటిసారి రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు. రక్తంలో కాల్షియం, డి సరిగా లేకుండా ఎక్కిస్తే కాల్షియం పడిపోతుంది. బిళ్ళలు మానకూడదనేది అందుకే.

పాంటోప్రజోల్ సంగతి విని కాల్షియం సిట్రేట్‌కి మార్చారు. దీనికి యాసిడ్‌తో పని లేదు. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో 1000 అని ఉంటే రోజుకొకటి చాలనుకున్నాను. వెనక చీమ తలకాయంత అక్షరాలను ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, అసలు కాల్షియం సుమారు 210 మిల్లీగ్రాములే. కార్బొనేట్ ఒక్కదానికి ఇవి రెండుకు పైనే, అదీ కాక ధర ఎక్కువ. అయినా నెలలోపే విరేచనం సాఫీ అయింది.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. పరగడుపున వేసుకోవచ్చన్నారు కదా అని పొద్దున్నే థైరాయిడ్ బిళ్ళతో కలిపి మింగాను. మూడు నెలలకు రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగిపోయింది, అంటే థైరాయిడ్ మందు చాలట్లేదన్నమాట. కాల్షియం థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వదు, రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. షాపులో అంటగట్టిన కోరల్ కాల్షియం కూడా ఒక డబ్బా వాడాను. అదీ ప్రధానంగా కార్బొనేటే. మళ్లీ కొనను.

గ్యాస్ బిళ్ళ వాడనివాళ్లకు, మలబద్ధకం లేనివాళ్లకు భోజనం తర్వాత కార్బొనేట్ చాలు, అంత ఖర్చు అక్కర్లేదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఏదైనా సరే డాక్టరును అడిగాకే.

మొన్నటి స్కాన్‌లో మైనస్ 1.9. ఆ మెరుగు చాలావరకు సెలైన్‌లో ఎక్కించిన మందుదేనని డాక్టరు గారన్నారు. సిట్రేట్ మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి కొనసాగిస్తున్నాను.