లెనన్ కోసం రెండు పాటలు: జార్జ్‌దా, పాల్‌దా?

1980 డిసెంబర్ 8న జాన్ లెనన్‌ని న్యూయార్క్‌లో ఇంటి గుమ్మం దగ్గరే కాల్చి చంపేశారు కదా, ఆ తర్వాత ఆయన పాత బ్యాండ్ బీటిల్స్‌లో ఇద్దరు ఆయన మీద పాటలు చేశారు, వరసగా వింటే రెండూ ఒకే మనిషి కోసమేనా అని డౌటొస్తుంది.

జార్జ్ హారిసన్‌ది ‘ఆల్ దోజ్ ఇయర్స్ అగో’, 1981. అసలీ పాట బ్యాండ్ డ్రమ్మర్ రింగోకి ఇద్దామని రాసుకున్నాడట, జాన్ పోయాక లిరిక్స్ మార్చేసి తనే పాడేశాడు. డ్రమ్స్ రింగోవే, కోరస్‌లో పాల్ మెకార్ట్నీ, ఆయన భార్య లిండా. బ్యాండ్ విడిపోయి పదేళ్లు దాటాక మిగిలిన ముగ్గురూ ఒక పాటలో కలిశారంటే చిన్న విషయం కాదు, అమెరికాలో 2వ ప్లేస్ దాకా వెళ్లింది కూడా. కానీ ట్యూన్ మరీ హుషారు, లిరిక్స్ పట్టించుకోకపోతే కాలు ఆడించేస్తాం.

పాల్ ‘హియర్ టుడే’ 1982లో వచ్చింది. డ్రమ్స్ లేవు, గిటార్, దాని వెనక రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో, అంతే. జాన్ ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడతాడు, నువ్వైతే నవ్వేసి మనిద్దరికీ అసలు పొంతనే లేదనేవాడివేమో అంటాడు, అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది. మధ్యలో ‘మనం ఏడ్చిన రాత్రి’ అని ఒక మాటొస్తుంది, అది 1964లో ఫ్లోరిడాలో తుఫానుకి ఇరుక్కుపోయి ఇద్దరూ తాగి ఏడ్చిన రాత్రి.

నా ఓటు పాల్‌కే. జార్జ్‌ది బస్సులో వింటా గానీ, ఇది మాత్రం లైట్లార్పేసి ఇయర్‌ఫోన్స్‌లోనే.