గడ్డకట్టే చలిలో పైపులు: కుళాయి కారనివ్వాలా, నీళ్లు కట్టేయాలా?

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. కానీ పైపును పగలగొట్టేది ఎక్కువగా ఆ గడ్డ కాదు. గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడి.

ఖర్చు: కారనిస్తే బిల్లు కాస్త పెరుగుతుంది. కట్టేస్తే అదీ లేదు.

శ్రమ: కారనివ్వాలంటే బయటి గోడవైపు కుళాయిలు కొంచెం తిప్పితే చాలు. వేడినీళ్ల వైపు కూడా తిప్పాలి, చాలామంది మరిచేది అదే. కట్టేయడం పెద్ద పని: నీళ్ల హీటర్ ఆపి, మెయిన్ వాల్వ్ మూసి, పైనుంచి కిందిదాకా కుళాయిలన్నీ తెరిచి, ఫ్లష్ కొట్టి పైపులు ఖాళీ చేయాలి. అంతకుముందే తాగడానికీ వాడకానికీ మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు పట్టుకోవాలి.

రిస్క్: సన్నధార ఒత్తిడి తగ్గిస్తుంది, గడ్డకట్టదని హామీ ఇవ్వదు. మోటారుతో వచ్చే బోరు నీళ్లయితే కరెంటు పోగానే ధారా ఆగుతుంది. ఇక మంటలార్పే స్ప్రింక్లర్లు ఉంటే వాటికి నీళ్లు ఆపకూడదు.

ఇంట్లోనే ఉండి, వెచ్చదనం నిలిచేలా ఉంటే కారనివ్వండి. ఊరెళ్తుంటే, లేదా కరెంటు పోయి ఇల్లు చల్లబడుతుంటే కట్టేసి ఖాళీ చేయడమే మేలు.