కోడ్ త్వరగా ముగించడమా, నిదానంగా నేర్చుకోవడమా: ఏది మేలు?

అమీర్‌పేట కోచింగ్‌లో పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లకైనా, బీటెక్ సెకండ్ ఇయర్ పిల్లలకైనా ఇవాళ ఒకటే ప్రశ్న. అసైన్‌మెంట్ రాగానే చాట్‌జీపీటీనో, కోపైలట్‌నో, అలాంటి ఏదో ఒక ఏఐ టూల్‌నో అడిగి పది నిమిషాల్లో ముగించాలా, గంటసేపు తామే కుస్తీ పట్టాలా?

వేగాన్ని తీసిపారేయలేం. 2023లో వెలువడిన ఒక ప్రయోగంలో జావాస్క్రిప్ట్‌తో హెచ్‌టీటీపీ సర్వర్ (బ్రౌజర్ అడిగిన పేజీని పంపే ప్రోగ్రామ్) రాయమంటే, గిట్‌హబ్ కోపైలట్ వాడినవాళ్లు 55.8 శాతం త్వరగా పూర్తిచేశారు. చేయబోయే పని మనకు ముందే వచ్చి ఉంటే, టైమ్ తక్కువగా ఉంటే, ఆ సాయం తీసుకోవాల్సిందే.

రాని పని నేర్చుకునేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. పైథాన్ ఫంక్షన్‌లో ఒక పారామీటర్‌కు (ఫంక్షన్ తీసుకునే విలువకు) డిఫాల్ట్‌గా, అంటే ఏమీ ఇవ్వకపోతే వాడుకునేలా, ఖాళీ లిస్ట్ పెట్టి, లోపల దానికి ఒక ఐటమ్ అపెండ్ చేసి (చివర చేర్చి) చూడండి. ఆ పారామీటర్‌కు ఏమీ ఇవ్వకుండా ఫంక్షన్‌ను మొదటిసారి పిలిస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. రెండోసారి పిలిస్తే పాత ఐటమ్ కూడా అందులోనే కనిపిస్తుంది! ఏఐని అడిగితే లిస్ట్ తీసేసి None (‘ఏమీ లేదు’ అనే విలువ) పెట్టిన కోడ్ క్షణంలో ఇస్తుంది. పేస్ట్ చేస్తే పని అయిపోతుంది. అదే మీరు ప్రింట్‌లు పెట్టుకుని, id()తో అది అదే లిస్టా కాదా అని చూసుకుని వెతికితే అసలు సంగతి తెలుస్తుంది: ఆ లిస్ట్ పిలిచిన ప్రతిసారీ కొత్తగా తయారు కాదు, ఫంక్షన్‌ను డిఫైన్ చేసినప్పుడు ఒక్కసారే తయారవుతుంది. ఇది అర్థమైనవాళ్లకు, రేపు ఒక లిస్ట్‌ను ఇంకో పేరుకు ఇచ్చి మార్చినప్పుడు రెండూ ఎందుకు మారాయో (రెండు పేర్లూ ఒకే లిస్ట్‌వి కాబట్టి) వెంటనే తడుతుంది. పేస్ట్ చేసినవాళ్లు మళ్లీ అడగాలి.

పైగా వేగంగా చేస్తున్నామన్న అనుభూతినీ పూర్తిగా నమ్మలేం. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లను పరీక్షించింది. ఏఐ వల్ల 20 శాతం త్వరగా చేశామని వాళ్లు అనుకున్నారు. నిజానికి 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. సీనియర్ల అంచనాయే ఇలా తప్పితే, కొత్తవాళ్ల సంగతి చెప్పాలా?

అందుకే నేర్చుకునే దశలో నా ఓటు నిదానానికే. అంటే ఏఐని ముట్టుకోవద్దని కాదు. ముందు మీరే రాయండి. ఎర్రర్ వస్తే ట్రేస్‌బ్యాక్‌ను (పైథాన్ చూపించే ఎర్రర్ మెసేజ్‌ను) చివరి లైన్ నుంచి చదవండి. అప్పటికీ తేలకపోతే ఏఐని కోడ్ ఇమ్మనకండి, ఎందుకిలా అయిందో చెప్పమనండి. తర్వాత ఆ విండో మూసేసి, ప్రోగ్రామ్ మళ్లీ మీ చేత్తో రాయండి.